చలిదేశంలో కరివేపాకు మొక్క

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో ఏటా చలికాలంలో ఒక చిన్న విషాదం జరుగుతూ ఉంటుంది. వేసవి అంతా ఆరుబయట నవనవలాడిన కరివేపాకు మొక్క, ఇంటిలోనికి తెచ్చిన కొద్ది వారాలకే ఆకులు రాల్చివేస్తుంది. ఇంటివారు కంగారుపడి మరికాస్త నీరు పోస్తారు. మొక్క చనిపోతుంది. నింద చలిపై పడుతుంది. కాని చాలా సందర్భాలలో దానిని చంపినది ఆ నీరే.

కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది. శాస్త్రీయనామం బెర్గెరా కోనిగి. మరయా కోనిగి అన్న పేరు కూడా వాడుకలో ఉన్నది. ఆ పేరులోని కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త 1785లో మన కాకినాడ చెంత జగన్నాథపురంలోనే కన్నుమూశాడు.

ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగి, వెలుతురు కొరవడినప్పుడు ఈ మొక్క ఎదుగుదల మాని నిద్రావస్థలోనికి పోతుంది. ఆకులు రాలడం ఆ నిద్రకు లక్షణమే గాని మరణానికి కాదు. ఆకులు లేని మొక్క నీటిని పెద్దగా పీల్చదు గదా! పోసిన నీరు మట్టి రంధ్రాలలోని గాలిని వెళ్లగొట్టి కుండీలోనే నిలుస్తుంది. నీటిలో ఆక్సిజన్ వ్యాపనం గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మందం. శ్వాస అందక వేర్లు కుళ్లిపోతాయి. కనుక శీతకాలంలో వేలిని రెండంగుళాల లోతుకు గుచ్చి, తడి తగలనప్పుడే కొద్దిగా నీరు పోయవలెను. మోడైన కొమ్మను గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే దానిని పారవేయరాదు, వసంతంలో చిగురిస్తుంది.

వేసవిలో ఈనెలు పచ్చగానే ఉండి లేతాకు పసుపుబారితే అది వేరే జబ్బు, ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు. అనేక నగరాల కుళాయినీటిలోని బైకార్బొనేట్లు కుండీమట్టి పి.హెచ్.ను క్రమంగా పెంచుతాయి. పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం సుమారు వెయ్యి రెట్లు పడిపోతుంది. మన పెద్దలు కరివేపాకు మొదట పుల్లమజ్జిగ పోయడంలో కొంత రసాయనశాస్త్రం లేకపోలేదు. అందులోని లాక్టిక్ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. అయితే తలుపులు బిగించిన ఇంటిలో ఆ వాసన భరించడం కష్టం! ఇ.డి.డి.హెచ్.ఎ. కీలేటుతో బంధించిన ఇనుము క్షారపు మట్టిలోను చెదరదు గనుక అదే మేలు.

మొక్క పోయినవారు కొందరు ఇండియా నుండి పెట్టెలో కొమ్మలు, ఆకులు తేబోతారు. అది నిషిద్ధం. నిమ్మజాతికి గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగు కరివేపాకుపైనా బ్రతుకుతుంది. ఆ పురుగు 1998లోను, తెగులు 2005లోను ఫ్లోరిడాలో బయటపడినవి. తోటలకు వాటిల్లిన నష్టం అపారం. గింజలా, కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. ఊరిలోనే ఎవరి ఇంటనైనా ముదురు మొక్క ఉంటే, దాని మొదట లేచిన పిలకను వేసవి ఆరంభంలో వేరుతో సహా తీసి నాటుకొనవచ్చును. తెగులు నిర్బంధమున్న ప్రాంతం నుండి మాత్రం ఆ పిలక పొలిమేర దాటరాదు.