పాతబస్తీ సర్కారు బడులు: ఏది మంచిదో ఎలా తేల్చాలి?

మన సంక్షేమ హాస్టళ్లకూ గురుకులాలకూ తేడా ఉంది. గురుకులంలో బడి కూడా లోపలే ఉంటుంది. మనం హాస్టల్లో తిని, పడుకుని, దగ్గరలోని సర్కారు హైస్కూలుకు నడిచి పోవాలి. అందుకే ప్రతి జూన్‌లో కొత్త పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే మొదటి మాట, "ఏ బడిలో వేస్తే బాగుంటది బాబూ?" అని. అందరూ చెప్పే జవాబు "టెన్త్ రిజల్ట్ చూడండి" అని. ఆ ఒక్క కొలతను నమ్మితే మోసపోతామని మా అభిప్రాయం.

2019 పదో తరగతి ఫలితాల్లో తెలంగాణ మొత్తం మీద 92.43 శాతం పాసైతే, హైదరాబాద్ జిల్లా 83.09 శాతంతో అన్నిటికన్నా కింద నిలిచింది. 2020లో, 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దయి అందరినీ పాస్ చేశారు. మరి ఒక్క ఏడాదిలో మన బడులు బాగుపడ్డాయా? గదులు అవే, బెంచీలు అవే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి కేవలం లెక్క కోసం అనుకున్న అంకెలు. మొదటి బడిలో ఆరో తరగతిలో 40 మంది చేరారు. పదో తరగతి పరీక్ష రాసింది 18 మంది, 18 మందీ పాసయ్యారు. నూటికి నూరు! గేటుకు బ్యానర్ కడతారు. రెండో బడిలోనూ 40 మంది చేరారు. 38 మంది రాశారు, 30 మంది పాసయ్యారు. అంటే 79 శాతం. పేపర్లో చూస్తే మొదటిదే గొప్ప. కానీ చేరిన 40 మందిలో ఒడ్డెక్కింది ఎందరు? అక్కడ 18, ఇక్కడ 30.

అయితే తగ్గిన పిల్లలంతా బడి మానేశారనీ అనుకోకూడదు. కొందరు టీసీ తీసుకుని వేరే బడికి పోతారు. 2016లో మైనారిటీ గురుకులాలు ఒక్కసారే 71 మొదలయ్యాయి. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకుంటాయి. చదువులో ముందున్న పిల్లలు అటు వెళ్తే, మిగిలినవారితో పనిచేసే సార్లను "మీ రిజల్ట్ ఏది?" అని నిలదీయడం న్యాయం కాదు. కనుక అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం రెండూ కలిపి చూడాలి.

పాతబస్తీలో ఇంకో చిక్కు మీడియం. ఇది నిన్న మొన్నటిది కాదు. నిజాం కాలంలో పెద్ద చదువు ఉర్దూది; 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియంతోనే మొదలైంది. ఆ రోజుల్లోనే 1910లో భాగ్యరెడ్డి వర్మ గారు మూసీకి అవతల ఇసామియా బజార్‌లో మన పిల్లలకు బడి పెట్టారు. తెలుగులో చదువు చెప్పించారు. (ఆయన ఫొటోకు దండ వేసే మన హాస్టళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు?) ఇప్పుడు లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ వంటి తెలుగు కుటుంబాలున్న చోట్ల తెలుగు మీడియం, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట వైపు ఉర్దూ మీడియం. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు వచ్చింది. 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఇంగ్లీషే అన్నారు; పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, మరో పక్క మాతృభాష అచ్చువేశారు. బోర్డు మీద పేరు ఒకటే అయినా లోపల రెండు మూడు బడులు ఉన్నట్టే లెక్క. మొత్తం పిల్లలెందరు, మొత్తం సార్లెందరు అని భాగిస్తే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం చెప్పినట్టు ప్రైమరీలో 30 మందికి ఒకరు, ఆపైన 35 మందికి ఒకరు సరిపోయినట్టే ఉంటుంది. ఉర్దూ సెక్షన్‌లో లెక్కలు చెప్పేదెవరు అని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి ఉంది. ఉర్దూ మీడియం టీచర్ పోస్టులకూ రోస్టర్ ఉంటుంది. ఆ మీడియంలో చదివిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు దొరకక ఆ పోస్టులు ఖాళీగా మిగులుతున్నాయి. డీ-రిజర్వ్ చేయమని అడిగేవారు ఉన్నారు. "మా పోస్టు పోతుంది" అని మనవాళ్లు అంటారు. ఇద్దరిదీ నిజమే. తలాబ్‌కట్ట పిల్లవాడు సారు లేక ఫెయిలైతే మనకు ఒరిగేదేమీ లేదు. ఆ పోస్టును అక్కడ నింపి, అన్నే పోస్టులు తెలుగు, ఇంగ్లీషు సెక్షన్లలో మనకు కలపమని అడగడం మేలని మాకు తోస్తుంది.

భవనం సంగతి కళ్లతోనే చూడవచ్చు: అద్దె ఇల్లా, సొంతమా, ఒకే ఆవరణలో ఎన్ని బడులు నడుస్తున్నాయి, ఆడపిల్లల బాత్‌రూమ్‌కు నీళ్లు వస్తున్నాయా.

కాగితం మీది లెక్కలూ దాచిపెట్టేవి కావు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణ బడులవి 36తో మొదలవుతాయి. ఆ కోడ్‌తో బడి రిపోర్టు కార్డు ఎవరైనా చూడవచ్చు. అందులో దొరకనిది హెడ్‌మాస్టర్ గారిని మర్యాదగా అడగాలి, అప్పటికీ చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులకు మా విన్నపం: మీరు చదివిన హైస్కూలుకు ఒకసారి వెళ్లి, గత ఐదేళ్లలో ఆరులో ఎందరు చేరారో, పదిలో ఎందరు రాశారో, ఏ మీడియంలో ఏ సబ్జెక్టుకు సారు లేరో ఒక తెల్లకాగితం మీద రాసి పంపండి. మా గదిలో పాత రిజిస్టర్ ఒకటి ఇందుకోసం విడిగా పెట్టాము. మొదటి రెండు పేజీలకు ఉప్పుగూడ, గౌలిపురా అని పేర్లు రాశాం, ఆ వైపు మేమే తిరుగుతాం.