వాన వల్ల జరిగిన తేదీ

జపాన్‌లో రైలుకంటూ ఒక రోజు ఉంది, అక్టోబర్ 14. ఇంట్లో చెప్పగానే తమ్ముడు "ఆ రోజు లీవా అక్కా?" అన్నాడు. (నాన్నతో తమిళం, అమ్మతో తెలుగు మాట్లాడతాం. లీవు మాత్రం రెండింటికీ ఒకటే.) సెలవేమీ లేదు. రైళ్ళ పండుగ నాడు రైళ్ళే ఆగితే ఎలా?

1872లో ఆ రోజున టోక్యోలోని షింబాషి నుంచి యొకొహామాకు రైలుమార్గం మెయిజీ చక్రవర్తి సమక్షంలో మొదలైంది. దూరం సుమారు 29 కిలోమీటర్లు, ప్రయాణం 53 నిమిషాలు. అయితే అసలు ముహూర్తం అది కాదు. అప్పటికి అక్కడ చాంద్రమానమే. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చేమంతుల పండుగ, ఆనాడే ప్రారంభించాలనుకున్నారు. వాన వచ్చి మూడు రోజులు వాయిదా పడింది. 1873 నుంచి కొత్త క్యాలెండరు పెట్టుకున్నాక ఆ పన్నెండో రోజే అక్టోబర్ 14గా లెక్కకొచ్చింది. వాన లేకపోతే ఈ పండుగ 11న!

నాకు బాగా నచ్చింది మాత్రం కట్ట కథ. దారిలో సైన్యం వాళ్ళు తమ స్థలం ఇచ్చేది లేదన్నారు. ప్రభుత్వంలో ఉన్న ఒకుమా షిగెనొబు, అయితే సముద్రంలోనే వేయండన్నాడు. తకనావా తీరం వెంబడి లోతులేని నీళ్ళలో మట్టి పోసి, పక్కలకు రాళ్ళు పేర్చి, సుమారు 2.7 కిలోమీటర్ల కట్ట కట్టారు. పడవలు దాటడానికి మధ్య మధ్య వంతెనలు పెట్టారు. తర్వాతి కాలంలో సముద్రాన్ని పూడ్చడంతో కట్ట నేల కిందికి పోయింది. 2019లో స్టేషను పనులప్పుడు ఆ రాళ్ళు బయటపడ్డాయి. ఇంగ్లండు నుంచి వచ్చి ఈ మార్గం పనులు నడిపిన ఇంజనీరు ఎడ్మండ్ మోరెల్ ఆ పండుగ చూడనే లేదు. 1871లో, ముప్పై ఏళ్ళకే పోయాడు. సమాధి యొకొహామాలోనే ఉంది.

యాభై ఏళ్ళయిన సందర్భంగా 1922లో దీన్ని రైలు స్మారక దినం చేశారు. 1994లో పేరు మార్చి, ప్రైవేటు రైళ్ళ వాళ్ళనూ కలుపుకున్నారు.

నన్నడిగితే జూన్ 12 పెట్టాల్సింది. 1872లోనే ఆ రోజు షినగావా, యొకొహామాల మధ్య తాత్కాలికంగా రైలు నడిచింది. చక్రవర్తి లేడు, టికెట్టు కొనుక్కున్న జనం ఎక్కారు. పై తరగతి టికెట్టు కింది తరగతికి మూడింతలు! సీజన్ టికెట్టు లేకపోతే కాలేజీయే లేని నాకు, వాళ్ళెక్కిన రోజే పండుగ అనిపిస్తుంది.

మన రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాది మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న కదిలింది, జపాన్ కంటే పదహారేళ్ళ ముందు. రోజూ ఆ స్టేషను మీదుగానే వస్తాను. ఒక్కసారీ దిగి చూడలేదు.