బొమ్మల అంగడి బెర్త్



సంతలో కూరలు అమ్మే ఆడవాళ్ళు మనకు తెలుసు. గాజులు అమ్మేవాళ్ళు తెలుసు. చేత్తో వేసిన బొమ్మలు అమ్మి బతికిన ఒక ఆమె గురించి ఈ పాఠంలో చదువుదాం.

ఆమె పేరు బెర్త్ వెయిల్. ఫ్రాన్సు దేశంలో పారిస్ అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ 1865లో పుట్టింది. కలిగిన కుటుంబం కాదు. పాత బొమ్మలు, పాత సామాన్లు అమ్మే ఒక షావుకారు దగ్గర చిన్న వయసులోనే పనికి కుదిరింది. ఏ బొమ్మ మంచిదో, ఏది ఎంత పలుకుతుందో అక్కడే నేర్చుకుంది.

కట్నం డబ్బుతో అంగడి

ఆ రోజుల్లో అక్కడ కూడా ఆడపిల్లకు కట్నం ఇచ్చేవాళ్ళు. బెర్త్ పెళ్ళి చేసుకోలేదు. తన కట్నం డబ్బును వ్యాపారంలో పెట్టింది. 1901 డిసెంబరులో గ్యాలరీ తెరిచింది. గ్యాలరీ అంటే బొమ్మల అంగడి. గోడలకు బొమ్మలు తగిలిస్తారు. చూసేవాళ్ళు చూస్తారు, కొనేవాళ్ళు కొంటారు.

ఆ వ్యాపారం చేసేది దాదాపు అంతా మగవాళ్ళే. అందుకని అంగడికి 'బి. వెయిల్' అని మాత్రమే పేరు పెట్టింది. అది ఆడమనిషి అంగడో, మగవాడి అంగడో పేరు చూస్తే తెలియదు.

పేరున్న చిత్రకారుల బొమ్మలు అందరూ అమ్ముతారు. బెర్త్ మాత్రం ఎవరికీ తెలియని పడుచువాళ్ళ బొమ్మలు అమ్మింది. 1900లో, గ్యాలరీ తెరవకముందే, 19 ఏళ్ళ కుర్రాడు వేసిన మూడు బొమ్మలు 100 ఫ్రాంకులకు కొంది. వాటిని 150 ఫ్రాంకులకు అమ్మింది. ఆ కుర్రాడే పికాసో. తర్వాత ప్రపంచమంతా పేరు పొందాడు. పారిస్‌లో అతని బొమ్మలు మొదట అమ్మిపెట్టింది బెర్తే.

సుజాన్ వాలదోన్ అని ఒకామె ఉండేది. తల్లి బట్టలు ఉతికి పెంచింది. సుజాన్ చిత్రకారుల ఎదుట కూర్చుని కూలి తీసుకునేది. వాళ్ళు ఆమెను చూసి బొమ్మ వేసేవాళ్ళు. ఆమె వాళ్ళ చేతిని చూసి పని నేర్చుకుంది! ఆమె బొమ్మలను కూడా బెర్త్ తన గోడలకు తగిలించింది.

ఠాణా ఎదుట గొడవ

1917లో మొడిగ్లియానీ అనే చిత్రకారుడి బొమ్మలు పెట్టింది. అందులో బట్టలు లేని ఆడవాళ్ళ బొమ్మలున్నాయి. జనం గుంపు కట్టారు. ఎదురుగానే పోలీసు ఠాణా. అధికారి పిలిచి వాటిని తీసేయమన్నాడు. అమ్మకం పడిపోయింది. బెర్త్ తానే ఐదు బొమ్మలు కొని వాళ్ళకు ధైర్యం చెప్పింది. 1920లో మొడిగ్లియానీ బీదగానే చనిపోయాడు. అతను వేసిన అలాంటి బొమ్మ ఒకటి 2015లో న్యూయార్కులో 17 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కన మన డబ్బులో 1,100 కోట్ల రూపాయలకు పైనే!

మరి బెర్త్‌కు ఏం మిగిలింది? పేరు రాగానే చిత్రకారులు పెద్ద షావుకార్ల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె ఎవరినీ కట్టిపడేయలేదు. అప్పులు, అద్దె బాధ ఆమెకు తప్పలేదు.

తన కథ తానే రాసింది

1933లో బెర్త్ ఒక పుస్తకం అచ్చు వేయించింది. ముప్పై ఏళ్ళ వ్యాపారం కథ అది. ఎవరి బొమ్మ ఎంతకు అమ్మిందో, ఎవరు ఎలా ప్రవర్తించారో దాపరికం లేకుండా రాసింది. మనం ఇప్పుడు చదివిన సంగతులు చాలా ఆ పుస్తకం వల్లే లోకానికి తెలిశాయి.

1940లో జర్మనీ సైన్యం పారిస్‌ను పట్టుకుంది. వాళ్ళు యూదులను వేధించి చంపారు. వ్యాపారాలు లాక్కున్నారు. బెర్త్ యూదు కుటుంబంలో పుట్టింది. ఆ రోజుల్లోనే అంగడి మూతపడింది. యుద్ధం అయ్యాక చేతిలో డబ్బు లేదు. 1946లో చిత్రకారులు, తోటి వ్యాపారులు కలిసి 80కి పైగా బొమ్మలు ఇచ్చారు. వాటిని వేలం వేసి ఆమెను ఆదుకున్నారు. 1948లో ఫ్రాన్సు ప్రభుత్వం బిరుదు ఇచ్చి గౌరవించింది. 1951లో, 85 ఏళ్ళ వయసులో, కన్ను మూసింది.

చాలా ఏళ్ళు లోకం ఆమెను మరిచిపోయింది. ఆమె అమ్మిన బొమ్మల పేర్లు మాత్రం మరవలేదు. 2024లో న్యూయార్కులో, 2025లో పారిస్‌లో ఆమె పేరుమీదే పెద్ద ప్రదర్శనలు పెట్టారు.

పని చేసినవాళ్ళ పేరు దానంతట అదే నిలవదు. రాసి పెడితే నిలుస్తుంది. ఇప్పుడు మనకూ రాయడం వచ్చు కదా!

కొత్త మాటలు
చిత్రకారులు – బొమ్మలు వేసేవాళ్ళు
ఫ్రాంకు – అప్పటి ఫ్రాన్సు దేశపు డబ్బు
ప్రదర్శన – నలుగురూ చూసేలా పెట్టడం

లెక్క చేయండి
100 ఫ్రాంకులకు కొని 150 ఫ్రాంకులకు అమ్మితే లాభం ఎంత?

మాట్లాడుకోండి
1. బెర్త్ అంగడికి తన పూర్తి పేరు ఎందుకు పెట్టలేదు?
2. మన ఊళ్ళో ఆడవాళ్ళు చేసే ఏ పనికి వాళ్ళ పేరు రావడం లేదు?

రాయండి
మీరు చేసే పని గురించి ఐదు వాక్యాలు రాయండి. కింద మీ పూర్తి పేరు రాయండి.