పిల్లలు లేరని కోడలిని అనేముందు: ఒక డాక్టరమ్మ అనుభవ పాఠాలు

పత్తి, మిరప పండే మన ఊళ్లలోనే నా వైద్యమంతా సాగింది. నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి చుట్టుపక్కల నుంచి పిల్లల్లేని దంపతులు ఎందరో వచ్చారు. వాళ్ల వల్ల నేను తెలుసుకున్నవి ఇవి.

1. ముందు మగపిల్లవాడికి పరీక్ష చేయించండి.
పెళ్లయి రెండేళ్లు కాకముందే కోడలిని స్కానింగులకూ, నాగులపుట్టలకూ తిప్పుతారు. కొడుకు మాత్రం ఆసుపత్రి గడప తొక్కడు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి లోపం కూడా ఉంటుంది. వీర్యపరీక్షకు కోత లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. వీర్యకణాలు లేవని వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. ఒక్క కాగితం చూసి కుంగిపోకూడదు.

2. మగతనం వేరు, వీర్యకణాలు వేరు.
మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్ మీద డాజ్ అనే జన్యువు ఉందని 1995లో అమెరికాలో డేవిడ్ పేజ్ బృందం ప్రకటించింది. అది పనిచేసేది బీజకణాల్లోనే. అది తయారుచేసే ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని, ఆ కణాలు వీర్యకణాలుగా ఎదగడానికి తోడ్పడుతుంది. క్రోమోజోమ్‌లో డాజ్ ఉన్న ముక్క లేకపోయినా గడ్డం వస్తుంది, మూట మోసే బలం ఉంటుంది, కాపురం మామూలుగా సాగుతుంది. వీర్యకణాలు మాత్రం బాగా తగ్గుతాయి, లేదా అసలుండవు. అందుకే "నాకేం, బాగానే ఉన్నాను" అనుకుని పరీక్ష మానుకోవద్దు.

3. ఇది ఎక్కడో పరాయి దేశపు జబ్బు కాదు.
హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం వీర్యకణాలు లేని 340 మంది భారతీయులను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది. వారిలో 29 మందికి వై క్రోమోజోమ్‌లో ముక్కలు లేవు. అంటే సుమారు పన్నెండు మందిలో ఒకరికి. వీర్యకణాలు లేనివారు, మరీ తక్కువున్నవారు ఈ వై క్రోమోజోమ్ పరీక్ష గురించి డాక్టరును తప్పక అడగాలి.

4. వంశాన్ని తిట్టకండి, రాబోయే కొడుకును మరవకండి.
ఈ లోపం ఉన్న చాలామందిలో తండ్రి క్రోమోజోమ్ బాగానే ఉంటుంది. తండ్రిలో వీర్యకణాలు తయారయ్యేటప్పుడో, బిడ్డ రూపుదిద్దుకునే తొలి దశలోనో ఆ ముక్క జారిపోతుంది. దీనికి మేనరికం కారణం కాదు, ఎవరి పాపమూ కాదు. డాజ్ ఉన్న భాగం ఒక్కటే పోయినవారిలో చాలామందికి వృషణాల నుంచి కణాలు తీసి, వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో బిడ్డను కనే అవకాశం ఉంది. అయితే పుట్టేది కొడుకైతే తండ్రి లోపం వాడికీ వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పమని డాక్టరును నిలదీయండి. దానికి పైనున్న భాగాలు కూడా పూర్తిగా పోతే కణాలు దొరికే ఆశ దాదాపు లేదు. అప్పుడు లక్షలు పోయకుండా దత్తత గురించి ఆలోచించండి.

5. పురుగుమందు కొట్టేవాళ్లు ఒళ్లు కాపాడుకోవాలి.
డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసిన కార్మికుల్లో వీర్యకణాలు అడుగంటాయని 1977లో కాలిఫోర్నియాలో బయటపడింది. అన్ని మందులూ అంత పనిచేస్తాయని నేననను. కానీ మిరపతోటలో ఒట్టి చేతులతో మందు కలపడం, తడిసిన లుంగీతోనే ఇంటికి రావడం మానాలి.

అత్తమామలారా, మీ కోడలికి ఇంకో పరీక్ష రాయించేముందు మీ అబ్బాయిని ఒక్కసారి ల్యాబుకు పంపండి.