శాలువా కప్పే ముందు

చిరంజీవి అమ్మాయికి,

భోగి రోజున ఊళ్లో మిలటరీ వాళ్లకు సన్మానం చేద్దామని మీ సచివాలయం పిల్లలంతా అనుకుంటున్నట్టు రాశావు. చాలా సంతోషం తల్లీ. జనవరి 14 మాజీ సైనికుల దినం. మన సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని కరియప్ప గారు 1953లో ఆ రోజే పదవీ విరమణ చేశారు. మనకేమో ఆ తేదీ ముగ్గులు, భోగి మంటల హడావుడిలో కొట్టుకుపోతుంది. డిసెంబరు 7 పతాక దినమూ అంతే, 1949 నుంచి జరుగుతున్నా చిన్న జెండా బొమ్మ కొని జేబుకు పెట్టుకోవడంతో సరి. కాబట్టి సన్మానం చేయండి. కానీ శాలువా కప్పే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది నీ చేతుల్లో ఉంది గనుకే ఈ ఉత్తరం.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న ఊరది. అలాంటి చోట పింఛను సంగతి పక్కింట్లో అడిగినా చెబుతారు. మన నూజివీడు తోటల ఊళ్లు అలా కావు. ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతా వాళ్లమంతా పూత నిలిచిందా, తేనెమంచు పురుగు పట్టిందా, నున్న మార్కెట్లో రసాలు ఎంత పలికాయి అన్న ధ్యాసలోనే ఉంటాం. ఆ ఒక్కడికి ఏం రావాలో చెప్పే దిక్కు ఉండదు.

చెరువు అవతల తోటకు కాపలా ఉండే పెద్దాయన నీకు తెలుసుగా. 1971 యుద్ధంలో ఉన్నాడు. ఇంటి పరిస్థితి బాగోక సర్వీసు పదిహేనేళ్లు నిండకుండానే వచ్చేశాడు, అందుకని పింఛను లేదు. ఇన్నాళ్లూ చిక్కం పట్టుకుని కాయ కోసి, రాత్రి తోటలో మంచమేసుకుని బతికాడు. అలాంటి వాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం ఉంది. హవల్దారు, ఆ కింది హోదా అయి, 65 ఏళ్లు దాటి, పింఛను రాని వాళ్లకు నెలకు ఇచ్చే నాలుగు వేల రూపాయలను 2025 నవంబరు నుంచి ఎనిమిది వేలు చేశారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఆయన వెళ్లి అడిగే మనిషి కాదు, అడగడం చిన్నతనం అనుకుంటాడు. నువ్వే వెళ్లాలి.

ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు మంచం కింద నల్ల ట్రంకు పెట్టె చూడు. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. లోపల పాలిథిన్ కవర్లో డిశ్చార్జి బుక్ ఉంటుంది. దాన్ని నువ్వు తీయకు, ఆయన చేత్తోనే తీయించు. అందులో పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు ఎలా ఉన్నాయో ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడు.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, మన వీధి చివర సుబేదారు గారు పోయాక వాళ్లావిడ పడిన అవస్థ కళ్లారా చూశాను. రికార్డుల్లో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరే అని రుజువు చేయడానికి ఆ మనిషి నెలల తరబడి తిరిగింది. భర్త బతికుండగా ఒక్క పూట కూర్చుని దిద్దించుకుంటే పోయేది. అప్పుడు ఆయనకు శాలువాలు కప్పినవాళ్లం చాలామందిమి ఉన్నాం, కాగితం చూసినవాడు ఒక్కడూ లేడు.

పింఛను ఉన్నవాళ్లకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ గండం ఒకటి. తోట పని చేసిన చేతులు, మామిడి సొన కాల్చిన వేళ్లు. వేలిముద్ర మిషను మీద పడదు. 2021 నుంచి ఫోన్లో ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చింది. నీకది చిటికెలో పని, వాళ్లకు బస్సెక్కి దిగేసరికి రోజంతా పోతుంది. పంచాయతీ ఇంటి పన్నులో సైనికులకు మినహాయింపు ఉంది కదా, మీ రిజిస్టర్లో ఎవరి పేరు తప్పిపోయిందో అదీ చూడు.

మాటల్లో ఎవరినీ ఎంతమందిని చంపావని అడగవద్దు. కుర్రాళ్లు సరదాగా అడిగేస్తారు, పెద్దాయన నవ్వేసి ఊరుకుంటాడు, ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ఏ యూనిట్, ఎక్కడెక్కడ ఉన్నారు, చలికి ఎలా ఓర్చుకున్నారు అని అడుగు. సన్మానం రోజున నాయకుల ఉపన్యాసాలు తగ్గించి మైకు ఆయనకివ్వండి.

2025 మేలో కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణాలు విడిస్తే రాష్ట్రమంతా కదిలింది. కదలాల్సిందే. బతికి వచ్చినవాడి మీద కూడా అంత ప్రేమ ఉండాలని నా తాపత్రయం. మురళి అగ్నివీరుడు. 2022లో మొదలైన ఆ అగ్నివీరుల పథకంలో చేరినవాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్లకే, ఇరవై దాటిన వయసులో, పింఛను లేకుండా ఇళ్లకు వస్తారు. మన మండలం నుంచి ఎవరెవరు వెళ్లారో ఇప్పుడే పేర్లు రాసి పెట్టు. వాళ్లు దిగేనాటికి ఉద్యోగాల కోటా వివరాలు నీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

ఆదివారం పొద్దున్నే రా. పెద్దాయనకు కబురు పెట్టాను. ఆధార్, బ్యాంకు పుస్తకం, రెండు ఫొటోలు ఆయన తెస్తాడు, దరఖాస్తు ఫారం నువ్వు తీసుకురా. మీ పెద్దమ్మ అందరికీ టిఫిన్ చేస్తానంది.

ఇట్లు,
మీ పెదనాన్న