చట్టసభలో మాట - ఊరి సంతపై అధికారం

చట్టసభ సభ్యుడి ప్రసంగాల రికార్డును ఎలా చదవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఎన్నిసార్లు మాట్లాడారన్న లెక్క తేలికగానే దొరుకుతుంది. ఎవరికి జవాబుగా మాట్లాడారు, ఆ మాట చట్టంలో ఏ రూపంలో మిగిలింది అన్నవి మాత్రం వెతికితేగాని తెలియవు.

ఉదాహరణకు ఆచార్య ఎన్.జి. రంగాను తీసుకుందాం. ఆయన 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. పంటకు గిట్టుబాటు ధర, గ్రామ స్వపరిపాలన ఆయన ప్రజాజీవితమంతా వదలని విషయాలు.

1948 నవంబరు 4న డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ, గ్రామాలు అజ్ఞానానికి, సంకుచితత్వానికి నెలవులని అన్నారు. కొద్ది రోజులకే రంగా దీనికి అభ్యంతరం తెలిపారు. దక్షిణాదిలో గ్రామ పంచాయతీలకు వెయ్యేళ్ల చరిత్ర ఉందని గుర్తుచేశారు. ఈ రెండు ప్రసంగాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఊరి పెద్దల పెత్తనం కింద నలిగినవారికి ఆ పంచాయతీలు ఏమిచ్చాయి అనే ప్రశ్నకు రంగా జవాబు చాలదనిపిస్తుంది. అయినా గ్రామానికి రాజ్యాంగంలో చోటుండాలన్న ఆయన పట్టు న్యాయమైనదే.

అదే నెల 22న కె. సంతానం ప్రతిపాదించిన సవరణను సభ ఆమోదించింది. అదే నేటి 40వ అధికరణం. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేసి, వాటికి అధికారాలివ్వాలని అది రాజ్యానికి చెబుతుంది. కాని ఇది ఆదేశిక సూత్రం. అమలు చేయలేదని కోర్టుకు వెళ్లలేము. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చాకనే పంచాయతీలకు గట్టి పునాది ఏర్పడింది. అదీ షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. ఆ లోటు తీర్చడానికి పార్లమెంటు 1996లో 'పెసా' చట్టం చేసింది.

బస్తర్ షెడ్యూల్డ్ ప్రాంతమే. కుంట వైపు అభ్యాసకులకు తెలిసిన జగర్గుండా సంతనే చూడండి. చింతపండు, ఇప్పపూలు తెచ్చే గిరిజనుడికి కాటా ఎవరిది, ధర ఎవరు చెబుతారు, అప్పు ఎవరి దగ్గర అన్నవే ముఖ్యం. ఊరి సంతల నిర్వహణ, చిన్న తరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం, గిరిజనులకిచ్చే వడ్డీ అప్పులపై అదుపు - ఈ మూడింటినీ పెసా చట్టం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి అప్పగించమంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో దీని నియమాలు వెలువడినది 2022లో! ఈ మధ్యకాలంలో, 2006లో, హింస వల్ల జగర్గుండాలో బడి మూతపడింది. 2019లో గాని తెరుచుకోలేదు. బడే నడవని ఊళ్లో గ్రామసభ ఎలా కూర్చుంటుంది?

పాఠ్యగత ప్రశ్నలు

1. 40వ అధికరణం అమలు కోసం కోర్టుకు ఎందుకు వెళ్లలేము?

2. మీ ఊరి సంతలో ఆశీలు ఎవరు వసూలు చేస్తారు? ఆ సొమ్ము లెక్క గ్రామసభలో చదువుతారా? కనుక్కొని ఐదు వాక్యాలు రాయండి.