స్వాధ్యాయమును మానుషమును: కళాశాల విద్యార్థి సంఘజీవనము

తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో తొమ్మిదవ అనువాకము విద్యార్థి నుద్దేశించి చెప్పబడిన చిన్న పాఠము. ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము, అగ్నులు, అగ్నిహోత్రము, అతిథులు, మానుషము మొదలుగా పండ్రెండు ధర్మము లందు వరుసగా పేర్కొనబడినవి. ప్రతి ధర్మమునకు ప్రక్కను స్వాధ్యాయ ప్రవచనములు పల్లవివలె మరల మరల వచ్చుచుండును. ఏ ధర్మము నాచరించుచున్నను చదువుటయు, చదివినదానిని ఇతరులకు చెప్పుటయు మానరాదని దీని భావము. ఈ పట్టికలో తొమ్మిదవదియగు మానుషమునకు శంకర భగవత్పాదులు లోకవ్యవహారమని యర్థము చెప్పిరి. తోడి మనుష్యులతో మెలగుట, వారి మంచిచెడ్డలందు పాలుపంచుకొనుట ఇందులోనివే. గురుకులమున వేదము వల్లించు బ్రహ్మచారికి ఋషి యిచ్చిన పట్టికలో అగ్నిహోత్రమునకు చేరువనే యీ మానుషమునకును చోటు దొరకినది. అతిథులతరువాత నది వచ్చుటయు నూరక జరిగినది కాదు.

అనువాకము చివర ముగ్గురాచార్యుల మతములు చెప్పబడినవి. రాథీతరుడు సత్యమే ముఖ్యమనెను. పౌరుశిష్టి తపస్సే ముఖ్యమనెను. ముద్గలుని కుమారుడగు నాకుడు మాత్రము స్వాధ్యాయ ప్రవచనములే చాలుననియు, అదియే తపస్సనియు నిశ్చయించెను. నేటి కళాశాల విద్యార్థులలో బుద్ధిమంతులనిపించుకొనువారు పెక్కండ్రు తమకు తెలియకయే నాకుని మతమువారు. పాఠము వినుట, పుస్తకము చదువుట, పరీక్ష వ్రాయుట తమ పని యనియు, సంఘములు, సభలు, సేవాదళములు పనిలేనివారి కాలక్షేపమనియు వారి యభిప్రాయము. అయితే వారు తమ యాచార్యుని మాటలో సగమే విన్నారు. స్వాధ్యాయ మొంటరిగా చేయవచ్చును. ప్రవచనమునకు వినువాడొకడు కావలెను గదా! చదివినది ఎదుటివానికి తెలియునట్లు చెప్పవలెనన్న ఎదుటివాని భాష, ఆతని సందేహము, ఆతని బ్రదుకు కొంత తెలిసియుండవలెను. నాకుని మతమును చివరంట అనుసరించినవాడు గదిలో తలుపు మూసికొని కూర్చుండలేడు.

కలకత్తా మహానగరమున నైరృతి భాగమందు, ఖిదిర్‌పూరు రేవునకును అలీపూరునకును నడుమ ఏక్‌బాల్‌పూరను పేట యున్నది. 1892లో ఖిదిర్‌పూరు నౌకాశ్రయము తెరువబడిన పిమ్మట బీహారు, ఒరిస్సా, ఉత్తర హిందూస్థానములనుండి కూలివారును చిల్లర వర్తకులును ఈ ప్రాంతములకు వచ్చి కాపురముండిరి. ఉర్దూ, హిందీ, బెంగాలీ భాషలు మూడును ఒక్క సందులో వినవచ్చును. మహమ్మదీయ కుటుంబము లధికము. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము దగ్గరనే గార్డెన్ రీచియందుండుటచే ఉద్యోగరీత్యా ఆ చాయలకు వచ్చిన తెలుగువారును గలరు. ఈ ప్రాంతపు పిల్లలకు చేరువగా 1965లో ఖిదిర్‌పూరు కళాశాల నెలకొల్పబడినది.

ఇట్టి పేటలోనుండి కళాశాలకు పోవు విద్యార్థి నొకనిని తలచుకొనవలెను. ఇంట ఒకటే గది. తండ్రి రేవులో పని చేయును. సాయంకాలము తమ్మునికి చదువు చెప్పవలెను, లేదా అంగడిలో కూర్చుండవలెను. చివరి గంట మ్రోగగానే ఆతడు పుస్తకములు చంకనిడుకొని యింటిదారి పట్టును. తోటివారు నాటకమునకో, చర్చాసభకో పిలిచినచో తనకు తీరిక లేదని చెప్పును. ఆతనికి సంఘజీవనము కలిగినవారి విలాసముగా తోచును. ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఆతని కష్టము నెరుగక వేదికపైనుండి సంఘసేవను గూర్చి యుపన్యసించుట సులభము. అయినను మూడేండ్లు ఒక బల్లపై కూర్చున్న ప్రక్కవాని పేరు తప్ప మరేమియు తెలియక పట్టము పుచ్చుకొని వెలికివచ్చు విద్యార్థి యొకటి పోగొట్టుకొనుచున్నాడు. అది యెట్టిదో ఆ ఖిదిర్‌పూరునందే బాల్యము గడపిన యొకని చరిత్ర చెప్పగలదు.

మైకేల్ మధుసూదన దత్తు 1824లో జెస్సూరు మండలమందలి సాగరదాడి గ్రామమున జన్మించి, బాల్యమున తండ్రివెంట ఖిదిర్‌పూరునకు వచ్చెను. తండ్రి రాజనారాయణ దత్తు సదరు దివానీ అదాలతులో న్యాయవాది. పిల్లవాడు హిందూ కళాశాలలో చేర్పబడెను. ఆ కళాశాలలో అంతకుముందు డెరోజియో యను యువకోపాధ్యాయుడు 1828లో విద్యార్థులకొక చర్చాసంఘము నేర్పరచి, ఏ విషయమునైనను తర్కించి తేల్చుకొను నలవాటు వారికి నేర్పెను. 1831లో ఆతడు కళాశాలను విడువవలసివచ్చెను. ఆ సంవత్సరాంతముననే యిరువదిరెండేండ్ల ప్రాయమున మరణించెను. అతడు రేపిన వాదప్రియత్వమందు మంచియు చెడ్డయు గూడ నుండెను. ఆచారము నెదిరించుటయే జ్ఞానమనుకొన్నవారు కొందరు బయలుదేరిరి. ఐనను ఆ కళాశాల గాలిలో స్నేహమును చర్చయు నిలిచియుండెను. మధుసూదనుని కాలమున గౌరదాస్ బసాకు, భూదేవ ముఖోపాధ్యాయుడు, రాజనారాయణ బసు మొదలగువారు సహాధ్యాయులు.

1843 ఫిబ్రవరిలో మధుసూదనుడు క్రైస్తవమతము పుచ్చుకొనెను. దానితో హిందూ కళాశాల ద్వార మాతనికి మూతపడెను. ఇంటితోడి సంబంధమును సడలిపోయెను. బిషప్పు కళాశాలలో కొంతకాలము చదివి, 1848లో చెన్నపట్టణము చేరి, అనాథబాలుర పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అన్నిటికిని దూరమైన యా దినములలో ఆతడు తన దినచర్యను వివరించుచు ఉత్తరము వ్రాసినది పాత సహాధ్యాయుడగు గౌరదాసునకే. 1849 నాటి యా యుత్తరమున తెలుగువారికి ముచ్చటయైన సంగతి యొకటి కలదు. హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలతోబాటు, మధ్యాహ్నము రెండు గంటలు మొదలు అయిదింటివరకు తెలుగు, సంస్కృతములు చదువుచున్నట్లు ఆతడు తెలిపియుండెను. వంగదేశపు మహాకవి చెన్నపురిలో కూర్చుండి తెలుగు అక్షరములు దిద్దుకొన్న సంగతి మనవారిలో నెందరికి తెలియును? తరువాత కలకత్తాకు మరలివచ్చి మేఘనాదవధ కావ్యము రచించుచున్నప్పుడు ఆతడు తన రచనను గూర్చి యెడతెగక ఉత్తరములు వ్రాసి తీర్పు కోరినది మరియొక సహాధ్యాయుడగు రాజనారాయణ బసును. 1861లో ఆ కావ్యము వెలువడునాటికి వారు కలిసి చదివిన కాలము గడచి యించుమించు ఇరువదియేండ్లయ్యెను. మతము వేరయ్యెను, నడవడి వేరయ్యెను, ఊళ్లు వేరయ్యెను. రాజనారాయణుడు బ్రహ్మసమాజమున ప్రముఖుడు, భూదేవుడు ఆచారపరాయణుడు. కళాశాలలో కుదిరిన స్నేహము మాత్రము మిగిలెను. మధుసూదనుని యవివేకములు, అప్పులు, 1873లో ఆస్పత్రిలో ఆతని దయనీయ మరణము అందరెరిగినవే. ఆ స్నేహితులే లేకున్న నాతని జీవిత మింకెంత శూన్యమై యుండెడిదో ఊహింపవచ్చును.

మధుసూదనుని విషయమున సహవాస మాతనికి ఆధారమయ్యెను. సహవాసమును తానితరులకు ఆధారముగా జేసిన విద్యార్థి నరేంద్రనాథ దత్తు. 1880లో ఆతడు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, తరువాత జనరల్ అసెంబ్లీ విద్యాలయమునకు మారి, 1884లో బి.ఏ. పరీక్ష యుత్తీర్ణుడయ్యెను. అధ్యక్షుడు హేస్టీ దొర ఆతని మేధను మెచ్చుకొనెను. బ్రజేంద్రనాథ శీలు సహాధ్యాయుడై ఆతనితో తత్త్వచర్చలు చేసెను. పాట, కుస్తీ, వ్యాయామశాల, బ్రహ్మసమాజ ప్రార్థనలు, చర్చాసభలు అన్నిటియందును నరేంద్రుడుండెను. మార్కులలో మాత్రము మధ్యమశ్రేణివాడే. ఈ చివరి మాటను పట్టుకొని తమ సోమరితనమును సమర్థించుకొను విద్యార్థులు లేకపోలేదు. నరేంద్రుడు పాఠ్యపుస్తకములకు మించి తత్త్వ, చరిత్ర గ్రంథము లెన్ని చదివెనో మాత్రము వారడుగరు.

ఆతని జీవితచరిత్రలో హరిదాస చట్టోపాధ్యాయుడను సహాధ్యాయుని కథ కలదు. బి.ఏ. పరీక్ష సమీపించినది. పేదవాడగు హరిదాసు కళాశాలకు చెల్లింపవలసిన జీతపు బాకీ చెల్లింపలేకుండెను. బాకీ మాఫీ చేయింపగల గుమాస్తా యొకడు కళాశాలలో నుండెను. నరేంద్రుడు పోయి వేడుకొనగా అతడు కసరి పంపెను. ఆ సాయంకాలము నరేంద్రుడు గుమాస్తా రహస్యముగా పోవు నల్లమందు కొట్టు దగ్గర పొంచియుండి, ఆతడు రాగానే యెదుట నిలిచెను. బాకీ మాఫీ కాకున్న ఈ సంగతి కళాశాలయంతయు తెలియునని చెప్పెను. పని నెరవేరెను. మరునాడు తెల్లవారకమునుపే నరేంద్రుడు హరిదాసు తలుపు తట్టి శుభవార్త చెప్పెను. ఈ యుపాయమును విద్యార్థులెవ్వరును అనుకరింపనక్కరలేదు. ఇందు చూడవలసినది వేరు. ప్రక్క బల్లమీదివాని బాకీ యెంతయో, అది తీరకున్న ఏమి జరుగునో నరేంద్రునికి తెలిసియుండెను. అడిగి తెలిసికొన్నవానికి గాని యది తెలియదు. ఏక్‌బాల్‌పూరు విద్యార్థికి నాటకమాడుటకు తీరిక లేకపోవచ్చును. ప్రక్కవాడు నాలుగు దినములుగా ఏల రాలేదో విచారించుటకు పెద్ద తీరిక అక్కరలేదు.

ఇచట నింకొక చిక్కు కలదు. సంఘజీవనమను పేర కాలమునంతయు హరించు పనులును కళాశాలలలో పెక్కులు. ఎన్నికల కక్షలు, ఊరేగింపులు, వర్గములుగా విడివడి ఒకరినొకరు దూషించుకొనుట మున్నగునవి యట్టివి. ఉపనిషత్తులోని పల్లవి రెండువైపుల పదునుగల కత్తి. మానుషము లేని స్వాధ్యాయమునకు ఋషి యొప్పుకొనలేదు. స్వాధ్యాయము నెగవేసిన మానుషమునకును ఒప్పుకొనలేదు. ఒక సంఘములో చేరగోరు విద్యార్థి దానివలన తన చదువు ఇతరులకు అందుచున్నదా, లేక తన చదువే ఆగిపోవుచున్నదా యని నెల కొకసారియైన లెక్క చూచుకొనవలెను. బడికి పోలేని పిల్లలకు వారమున రెండు సాయంకాలములు లెక్కలు చెప్పు జట్టులో చేరినవాని లెక్కల జ్ఞానము తరుగదు. చెప్పబూనినప్పుడు గాని తనకేమి రాదో తనకు తెలియదు. ఇది యుపాధ్యాయులందరి యనుభవము.

ఏక్‌బాల్‌పూరువంటి చోట దీనికి మరియొక బరువును కలదు. 1946 ఆగస్టు 16వ తేదీన కలకత్తాలో చెలరేగిన మతకలహము రేవుప్రాంతములను, దగ్గరనున్న మటియాబురుజును రక్తసిక్తము చేసెను. ఏండ్ల తరబడి ఒక్క సందులో బ్రదికినవారే ఒకరికొకరు అపరిచితులైపోయిరి. మరుసటి యేట సెప్టెంబరులో మరల అల్లరులు రేగగా గాంధీమహాత్ముడు బెలియాఘాటలో నిరాహారదీక్ష పూనినప్పుడు శాంతికై వీథులలోనికి వచ్చినవారిలో విద్యార్థులును ఉండిరి. హిందువుల యిండ్లలో పెరిగిన బాలుడును మహమ్మదీయుల యిండ్లలో పెరిగిన బాలుడును పేటలో వేర్వేరు పండుగలు, వేర్వేరు బంధువర్గముల నడుమ పెరుగుదురు. ఒకే ప్రయోగశాలలో, ఒకే క్రీడాజట్టులో, ఒకే గ్రంథాలయపు బల్లకడ వారు కలిసికొను చోటు తరచుగా కళాశాలయే. అచటను మాటలేకుండ మూడేండ్లు గడచినచో, ఆ తరువాత పేటలో పుకారు పుట్టిననాడు పోయి నిజమేమని యడుగుటకు ఎదుటి వీథిలో తెలిసినవాడొక్కడును ఉండడు.

రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరిలో పలువురు వెలివేతకు జంకి దూరముగా తొలగిరి. విద్యార్థులు మాత్రము ఆయన పక్షమున నిలిచిరి. ఆ తరువాత కాకినాడలో 1904 నుండి 1919 వరకు పిఠాపురము రాజావారి కళాశాల కధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అనాథలను హరిజన బాలురను ఆదరించి, విద్యార్థుల కన్నులయెదుట మానుషమును ఆచరించి చూపిరి. గురువు నడచినప్పుడు శిష్యునకు ఉపన్యాసముతో పని తక్కువ.

కలకత్తాలో 1898లో మహామారి ప్రవేశించెను. జనులు నగరమును విడిచి పరుగెత్తసాగిరి. డార్జిలింగునందున్న వివేకానందస్వామి మే 3వ తేదీన నగరమునకు వచ్చి ప్రజలకు ధైర్యము చెప్పు ప్రకటనను సిద్ధము చేయించిరి. సొమ్ము చాలనిచో మఠముకొరకు క్రొత్తగా కొన్న నేల నమ్మివేయుటకైనను వారు సంసిద్ధులైరి. మరుసటి యేట మార్చి 31న సేవాకార్యము క్రమముగా మొదలయ్యెను. సోదరి నివేదిత కార్యదర్శిని. స్వామి సదానందులు పనివారిని వెంటబెట్టుకొని ఉత్తరభాగపు బస్తీలలోని చెత్తకుప్పల నెత్తించిరి. ఏప్రిలులో క్లాసిక్ నాటకశాలయందు విద్యార్థుల సభ జరిగెను. స్వామి యధ్యక్షులు. మహామారియు విద్యార్థుల కర్తవ్యమును అను విషయముపై నివేదిత యుపన్యసించెను. సభానంతరము పదునైదుగురు విద్యార్థులు ముందునకు వచ్చి పేర్లిచ్చిరి.

నగరమునందలి విద్యార్థిలోకమును తలచినచో పదునైదు చిన్న సంఖ్యయే. వారికి చెప్పబడిన పనియు చిన్నదే. బస్తీలలో గుడిసె గుడిసెకు పోయి శుభ్రత చూచుట, ఆరోగ్యసూత్రముల కరపత్రములు పంచుట, చదువురానివారికి వానిలోని సంగతి నోటితో చెప్పుట, ఆదివారమున సమావేశమై వారమునాటి పని నివేదించి సలహా పొందుట వారి కర్తవ్యములు. వారు కళాశాలను మానలేదు. ఒకనాడు బాగ్‌బజారు వీథియొకటి ఊడ్చువారు లేక మురికిగా పడియుండగా నివేదిత తానే చీపురు చేతబట్టి ఊడ్వసాగెను. అరుగులమీదనుండి చూచుచున్న పడుచువాండ్రు కొంతసేపు అట్లే నిలుచుండి, పిదప సిగ్గుపడి దిగివచ్చి, ఆమె చేతిలోని చీపురు పుచ్చుకొని తమ వీథిని తామే ఊడ్చుకొనిరి.